సిటీ బస్సు: బ్యాటరీదా, హైడ్రోజన్‌దా?

డీజిల్ బస్సులను మార్చాలనుకునే ప్రతి నగరానికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. రెండింటిలోనూ చక్రం తిప్పేది విద్యుత్ మోటారే. ఆ కరెంటు మోటారుకు ఎలా చేరుతుందన్న దగ్గరే తేడా అంతా ఉంది.

ముందు ఖర్చు. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా విద్యుత్ పడుతుంది. దాన్ని అధిక పీడనంతో ట్యాంకులో నింపి, బస్సులోని ఫ్యూయెల్ సెల్ అనే పరికరంలో మళ్లీ కరెంటుగా మార్చేసరికి మోటారుకు అందేది సుమారు మూడో వంతే. బ్యాటరీలో నష్టం చాలా తక్కువ. ఫ్రాన్స్‌లోని మోంపెలియే నగరం 51 హైడ్రోజన్ బస్సులు కొనాలనుకుని, నడిపే ఖర్చు బ్యాటరీ బస్సుకు ఆరు రెట్లవుతుందని తేలడంతో 2022లో విరమించుకుంది. నా దృష్టిలో ఈ లెక్కను దాటి రావడమే హైడ్రోజన్‌కు అసలు పరీక్ష.

హైడ్రోజన్ నింపడానికి నిమిషాలు చాలు; బ్యాటరీకి సాధారణంగా గంటలు కావాలి.

ప్రమాదం రెండింటికీ ఉంది. బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం. హైడ్రోజన్‌కు వాసన లేదు, పగటిపూట దాని మంట దాదాపు కనిపించదు; పూర్వం రాకెట్ కేంద్రాల సిబ్బంది చీపురు ముందుకు చాచి నడుస్తూ, అది అంటుకుంటేనే మంట ఉందని గుర్తించేవారు. అందుకే డిపో చుట్టుపక్కల వారి భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంగ్లాండ్‌లోని విట్బీలో ఇళ్లకు గ్యాస్ బదులు హైడ్రోజన్ ఇవ్వాలన్న ప్రయోగం స్థానికుల మద్దతు కొరవడి 2023లో ఆగిపోయింది.

రాత్రికి డిపో చేరే హైదరాబాద్, విజయవాడ సిటీ సర్వీసులకు బ్యాటరీయే తగినది. ఛార్జింగ్‌కు ఆగే వీలులేని సుదూర మార్గాల్లో, అదీ అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ తలపెట్టిన హైడ్రోజన్ తయారీ కేంద్రం వంటిది దగ్గర్లో ఉంటే, హైడ్రోజన్‌ను పరీక్షించవచ్చు.