డేటా క్షేమం, దారి బంద్: ఎక్స్‌ఎమ్ఎల్ డేటాబేస్‌తో ఆరేళ్లు, ఒక అప్‌గ్రేడ్

ఆరేళ్లుగా ఒక ఓపెన్ సోర్స్ ఎక్స్‌ఎమ్ఎల్ (సమాచారాన్ని ట్యాగుల మధ్య రాసే పద్ధతి) డేటాబేస్ వాడుతున్నాను. పేరు చెప్పను. ఇక్కడ రాసే తిప్పలు ఈ రకం డేటాబేస్ దేనిలోనైనా వచ్చేవే, పైగా వాటిలో సగం నా స్వయంకృతం.

మా దగ్గర ఉన్నది వ్యాసాల సూచిక. వ్యాసానికి ఒక ఎక్స్‌ఎమ్ఎల్ ఫైలు. ఒకదానికి ముగ్గురు రచయితలుంటారు, ఇంకోదానికి ఒక్కరూ ఉండరు, మరోదానిలో ఫుట్‌నోట్‌లోనే ఇంకో వ్యాసం దూరి ఉంటుంది. వీటిని టేబుళ్లలో ఇరికించాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఇందులోనైతే ఫైలుని ఉన్నదున్నట్టు పడేసి, ఎక్స్‌క్వెరీ అనే ప్రశ్నల భాషతో కావాల్సింది అడిగి తెచ్చుకోవచ్చు. వెతుకులాట వేగం గురించి ఈ ఆరేళ్లలో ఎవరూ నాకు ఫిర్యాదు చేయలేదు. ఇండెక్స్ సరిగ్గా పెట్టుకోవాలంతే.

బయటి ప్రోగ్రాములు మూడు దీనితో వెబ్ సర్వీసు ద్వారా మాట్లాడతాయి. అసలు కథ అక్కడే మొదలైంది.

అప్‌గ్రేడ్ మాత్రం హాయిగా జరిగింది. బ్యాకప్ తీసి, కొత్త వెర్షన్‌ని వేరే ఫోల్డర్‌లో పెట్టి, రీస్టోర్ చేసి, మళ్లీ ఇండెక్స్ చేశాను. ఫైళ్ల లెక్క సరిపోయింది. కన్సోల్‌లో నాలుగు క్వెరీలు రాసి చూస్తే జవాబులు టకటకా వచ్చాయి. నిశ్చింతగా పడుకున్నాను. తెల్లారేసరికి మూడు ప్రోగ్రాములూ మొరాయించాయి.

మొదట వచ్చిన ఎర్రర్ కోడ్ 415. అంటే 'నువ్వు పంపిన సరుకు రకం నేను తీసుకోను' అని సర్వర్ చెప్పడం. రిక్వెస్టులు పంపే కర్ల్ అనే టూల్‌తో, అటూ ఇటూ వెళ్లే హెడర్లన్నీ (సందేశం పైన ఉండే వివరాలు) చూపించే ఆప్షన్ పెట్టి, ఒకే రిక్వెస్ట్‌ని పాత సర్వర్‌కీ కొత్తదానికీ పంపి పక్కపక్కన పెట్టుకున్నాను. పాతదాన్ని ఆపేయకుండా దాని పోర్ట్ మీదే ఉంచి, కొత్తదానికి వేరే పోర్ట్ ఇవ్వడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. మా క్లయింట్ (అంటే ఆ బయటి ప్రోగ్రాము) మాట్లాడేది సోప్ 1.1, ప్రోగ్రాములు ఎక్స్‌ఎమ్ఎల్ సందేశాలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతికి పాత రూపం. అందులో కంటెంట్ టైప్ 'టెక్స్ట్/ఎక్స్‌ఎమ్ఎల్', ఏ పని కావాలో చెప్పడానికి 'సోప్‌యాక్షన్' అనే వేరే హెడర్. 2003లో వచ్చిన సోప్ 1.2లో కంటెంట్ టైపే 'అప్లికేషన్/సోప్+ఎక్స్‌ఎమ్ఎల్' అయింది, ఆ యాక్షన్ కూడా దానిలోకే చేరింది. మా ఫంక్షన్ మీద ఎప్పుడో ఎవరో (బహుశా నేనే) రెండో రకం మాత్రమే తీసుకుంటామని రాసిపెట్టారు. పాత వెర్షన్ ఆ మాటని పట్టించుకోలేదు, కొత్తది అక్షరాలా పాటించింది. తప్పెవరిదంటే ఏం చెప్పను! ఒక్క లైను మార్చాను, 415 పోయింది.

దాని తర్వాత వచ్చిందే అసలు టెన్షన్: 200. అంతా బాగుందన్న కోడ్, లోపల మాత్రం ఖాళీ ఎన్వలప్ (సోప్ సందేశానికి పై కవరు). 'సర్వర్‌లో లోపం' అనే 500 వస్తే కనీసం ఎక్కడో పగిలిందని తెలుస్తుంది. ఇది నవ్వుతూ ఖాళీ చెయ్యి చూపించడం. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. రెండు రోజులు ఇండెక్స్‌ని అనుమానించాను, మళ్లీ మళ్లీ కట్టాను. చివరికి ఆ వెబ్ సర్వీసు మాడ్యూల్‌లోనే లెక్కపెట్టే లైను ఒకటి తాత్కాలికంగా దూర్చాను. '//రికార్డ్' ఎన్ని అంటే సున్నా. '//*:రికార్డ్' ఎన్ని అంటే మొత్తం వచ్చేశాయి. ఆ నక్షత్రం గుర్తూ కోలనూ అంటే 'ఏ నేమ్‌స్పేస్ (ట్యాగు పేరుకి ఇంటిపేరు లాంటిది) అయినా ఫర్వాలేదు' అని. అంటే డేటా భేషుగ్గా ఉంది, నేనే వేరే ఇంటిపేరుతో పిలుస్తున్నాను.

కారణం ఇది. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఏదో మెయిన్ మాడ్యూల్‌లో ఒక్కచోటే చెప్పి ఊరుకున్నాం. ఎక్స్‌క్వెరీ నియమం ప్రకారం అది ఇంపోర్ట్ చేసుకున్న మాడ్యూళ్లకి వర్తించదు, దేనికది విడిగా రాసుకోవాలి. పాత వెర్షన్ చూసీచూడనట్టు పోయేది. కన్సోల్‌లో ఎందుకు పనిచేసిందంటే, అక్కడ ఆ డిక్లరేషన్ ప్రతిసారీ చేత్తో కొట్టేవాణ్ణి. ఇక ఎక్స్‌పాత్ (ఎక్స్‌క్వెరీలో '//రికార్డ్' లాంటి దారులు రాసే భాగం) దృష్టిలో ఏమీ దొరక్కపోవడం తప్పు కాదు, ఖాళీ సీక్వెన్స్ కూడా జవాబే. అందుకే లాగ్ అంత ప్రశాంతంగా ఉంది.

మూడో ప్రోగ్రాముది చిన్న గొడవ. కొత్త వెర్షన్‌కి జావా 11 కావాలి కదా అని మెషీన్ మీద జావానే మార్చేశాను. అదే మెషీన్ మీద ఉన్న ఆ ప్రోగ్రాము జాక్స్‌బీ (ఎక్స్‌ఎమ్ఎల్‌ని జావా ఆబ్జెక్టులుగా మార్చేది) క్లాసులు దొరకడం లేదని కూలబడింది. 2018లో వచ్చిన జావా 11 నుంచి అవి జేడీకేలో (జావాతో వచ్చే కిట్‌లో) ఉండవు. లైబ్రరీగా విడిగా జోడిస్తే లేచింది. మధ్యలో కాసేపు 401 కూడా వచ్చింది, రీస్టోర్‌లో గెస్ట్ యూజర్ అనుమతులు పోవడం వల్ల. అది పది నిమిషాల పని.

ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. సోప్ 1.1లో సందేశాన్ని ప్రాసెస్ చేసేటప్పుడు వచ్చే లోపం ఏదైనా 500తోనే వస్తుంది, అసలు కారణం బాడీలోని ఫాల్ట్ ఎలిమెంట్‌లో ఉంటుంది. చాలా క్లయింట్ల లాగ్‌లో కోడ్ ఒక్కటే కనిపిస్తుంది. బాడీ మొత్తం ప్రింట్ చేయించుకోండి. కొత్త సర్వర్‌ని కన్సోల్ నుంచి కాకుండా, అసలు క్లయింట్ పంపే రిక్వెస్ట్‌తోనే పరీక్షించండి. నేను ఆ ఒక్కటీ చేసి ఉంటే మూడు రోజులు మిగిలేవి.

డేటాబేస్ మీద నా అభిప్రాయం మారలేదు, ఇంకా వాడుతున్నాను. ఒక్క ఫైలు పోలేదు, ఒక్క అక్షరం చెడలేదు. కోపమల్లా దాని రిలీజ్ నోట్స్ మీదే. కొత్త ఫీచర్ల గురించి పేరాలకు పేరాలు రాశారు, 'ఇకపై కఠినంగా పాటిస్తాం' అన్న సంగతి ఒక మూల అర లైనులో పెట్టారు. పాత సర్వర్‌ని నెల తర్వాత ఆపాను. ఆపిన గంటలోనే నాలుగో ప్రోగ్రామొకటి పాత పోర్ట్ వెతుక్కుంటూ వచ్చింది. అలాంటిదొకటి ఉందని మాకెవరికీ గుర్తే లేదు.