గ్రీజు గన్ను డబ్బా మీద అంకె చూసి కొనకండి

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో నాకు ఒక ప్రొక్లెయినర్ నడుస్తోంది. రాతి దుమ్ములో పని కాబట్టి బకెట్ కీళ్లలోని పిన్నులకు రోజూ ఉదయమే గ్రీజు కొట్టాల్సిందే. తొమ్మిదేళ్లు వాడిన పాత గన్ను మూలపడితే, ఆన్‌లైన్‌లో 890 రూపాయలకు ఒకటి తెప్పించాను. బజారులో మంచిది రెండున్నర వేలకు పైనే చెప్పారు. ఒక గొట్టానికీ ఒక పిడికీ అంత దేనికని నా పిసినారి లెక్క. డబ్బా మీద ఎర్రటి అక్షరాల్లో 10,000 పీఎస్‌ఐ (పీడనం కొలత) అని ఉంది, ఇంకేం కావాలనుకున్నాను.

రెండో రోజే మా ఆపరేటర్ అన్నాడు, "అన్నా, గ్రీజు లోపలికి పోవడం లేదు, నిపుల్ చుట్టూనే కక్కుతోంది" అని. నిపుల్ అంటే గ్రీజు ఎక్కించడానికి బండికి ఉండే చిన్న మొన. గట్టిగా నొక్కి పట్టుకొని కొట్టమన్నాను. పైగా గ్రీజు వృథా చేస్తున్నావని కసిరాను. పాపం, అతను నొక్కి పట్టుకొనే కొట్టాడు. నిపుల్ మీద గ్రీజు ముద్ద కనబడుతోంది కదా, పని అయిందనే అనుకున్నాం.

మూడు వారాలకు బకెట్ తిప్పినప్పుడల్లా కీచుమని మూలుగు. పిన్ను ఊడగొట్టి చూస్తే ఒక పక్క నీలంగా కమిలి ఉంది. వేలు పెట్టి రాస్తే గోరు తట్టుకునేంత లోతున గీతలు. పిన్ను తిరిగే లోహపు తొడుగైన బుష్‌లో గ్రీజు దారంతా పాత గ్రీజు బంకలా గట్టిపడి మూసుకుపోయింది. గన్నుకు నిజంగా బలముంటే ఆ బంకను తోసుకొని కొత్త గ్రీజు పోయేది. దీనికి ఆ బలం లేదు. అసలు లోపం కప్లర్‌లో, అంటే నిపుల్‌ను పట్టుకునే గన్ను మూతిలో ఉంది. దాని దవడలు మెత్తటి ఇనుము, పీడనం పెరగగానే విచ్చుకుని గ్రీజును పక్కకు వదిలేస్తున్నాయి. రెండు పిన్నులు, నాలుగు బుష్‌లు, లేత్ పని, రెండు రోజుల బాడుగ పోయాయి. ఆ మొత్తం ఇక్కడ రాస్తే మా ఇంట్లో వాళ్లు చదువుతారు.

ఇంతకన్నా భయపెట్టిన సంగతి వేరే ఉంది. కొత్త బుష్‌లు వేశాక, వేరే కప్లర్ తగిలించి అదే గన్నుతో కొడుతుంటే హోస్ పైపు మధ్యలో పగిలింది. ఆపరేటర్ చెయ్యి జానెడు దూరంలో ఉంది కాబట్టి బతికిపోయాడు. అప్పుడు తీశాను డబ్బాలోని కాగితం. 10,000 గన్నుదట. హోస్ పగిలే పీడనం 4,500 అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అంటే నిపుల్ మూసుకుపోయిన రోజు ముందు పోయేది చేతిలో పట్టుకున్న పైపే. ఆ పీడనంతో గ్రీజు చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినంత గాటే కనబడుతుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ కుళ్లిపోతుంది, వేలే తీసేయాల్సి రావచ్చు. పసుపు అద్ది ఊరుకోకండి, రక్తం రాకపోయినా సరే, గంటల్లోనే ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి వెళ్లి లోపలికి గ్రీజు దూరిందని చెప్పండి.

కొనేటప్పుడు మీ బండి నిపుల్ ఒకటి విప్పి జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి. కప్లర్‌ను దాని మీద నొక్కి తిన్నగా లాగి చూడండి, రాకూడదు. పక్కకు వంచితేనే ఊడాలి. హోస్ పనిచేసే పీడనం, పగిలే పీడనం వేరువేరుగా రాసి ఉన్నాయో లేదో అడగండి. రెండూ చెప్పలేకపోతే వద్దు. పైపు చివర్ల స్ప్రింగు తొడుగు ఉండాలి. గాలి వదిలే చిన్న వాల్వ్ లేకపోతే గన్నులో గ్రీజు డబ్బా మార్చిన ప్రతిసారీ ఊరికే పిడి కొడుతూ కూర్చోవాలి. బ్యాటరీదా, చేతిదా అన్నది మీ ఇష్టం, ఒక్క బండికి చేతిది చాలు.

గ్రీజు పోయిందా లేదా అన్నది నిపుల్ దగ్గర చూడకండి. బుష్ అంచు నుంచి నల్లటి పాత గ్రీజు వెళ్లి, వెనకే కొత్త రంగు రావాలి.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. వాపసు గడువు ఏడు రోజులేనని సమాధానం వచ్చింది. కొత్త గన్ను ఒంగోలులో 2,750 పెట్టి తెచ్చాం. ఎంపిక మా ఆపరేటర్‌దే. నేను డబ్బులిచ్చి పక్కన నిలబడ్డాను.