నాలుగు ధనుర్మాసాల ఫోకస్ స్టాకింగ్: గుంటూరు పొలాల్లో బతికున్న పురుగులతో నా అనుభవం

గుంటూరులో ఉంటూ, సెలవు రోజుల్లో ఉండవల్లి వైపు కృష్ణ కరకట్ట మీదా, కొండవీడు కొండ మీదా పురుగుల ఫొటోలు తీసే అలవాటు నాకు చాలా కాలంగా ఉంది. అందులో చివరి నాలుగేళ్లు ఫోకస్ స్టాకింగ్‌తోనే, అంటే వేర్వేరు దూరాల్లో ఫోకస్ చేసిన ఫ్రేముల వరుసను (స్టాకును) ఒకే చిత్రంగా కూర్చడంతోనే గడిచాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఒలింపస్ ఈ-ఎం1 మార్క్ 2 కెమెరా, 60 మిల్లీమీటర్ల ఎఫ్ 2.8 మాక్రో లెన్స్, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో హెలికాన్ ఫోకస్ సాఫ్ట్‌వేర్, ఇవీ నేను వాడుతున్నవి. చచ్చిన ఈగను బల్ల మీద గుండుసూదికి గుచ్చి, రెండు వందల ఫ్రేములు తీరిగ్గా తీసుకునేవారి అనుభవం వేరు. ఆరుబయట, బతికున్న పురుగును, అది కూర్చున్న చోటనే తీయడానికి ఈ పద్ధతి ఎంతవరకు పనికివచ్చిందో, అంతవరకే ఇక్కడ రాస్తున్నాను.

మాక్రోలో 1:1 అంటే పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద దాని బింబమూ అంతే ఉంటుంది. ఈ కెమెరాలోని మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సైజు సెన్సర్ మీద 1:1 దగ్గర ఎఫ్ 5.6 (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, అంటే అపెర్చర్, కొలత ఇది; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెడితే స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. సూది తూనీగ కన్ను పదునుగా వస్తే మెడ దాటగానే అంతా మసకే. మందం పెంచుదామని అపెర్చర్‌ను ఎఫ్ 16 దాకా మూస్తే, ఇంత దగ్గరలో అది దాదాపు ఎఫ్ 32 చేసే పని చేస్తుంది కనుక, కాంతి వివర్తనం (సన్నని రంధ్రం దాటేటప్పుడు కాంతి చెదిరిపోవడం) వల్ల కంటిలోని గళ్లు, కాళ్ల మీది నూగు మొత్తం మెత్తబడిపోతాయి. ఈ చిక్కుకు విరుగుడుగానే ఎఫ్ 5.6 దగ్గరే ఆగి, ఫోకస్‌ను కొంచెం కొంచెంగా జరుపుతూ వరుసగా ఫ్రేములు తీసి, ప్రతి ఫ్రేములోనూ పదునుగా ఉన్న భాగాన్ని మాత్రమే ఏరి ఒకే చిత్రంగా కూర్చుతారు.

ఫోకస్‌ను జరిపే పనిని కెమెరాయే చేస్తుంది, దీన్నే బ్రాకెటింగ్ అంటారు. బ్రాకెటింగ్‌లో ఎన్ని ఫ్రేములు కావాలో, ఒక్కో అడుగు ఎంత ఉండాలో ముందుగా చెప్పాలి. అడుగుకు 1 నుంచి 10 వరకు అంకెలున్నాయి. నేను 3 లేదా 4 దగ్గర పెట్టి 15 ఫ్రేములు తీస్తాను, వెలుతురు బాగుంటే అవి దాదాపు ఒక్క సెకనులో అయిపోతాయి. ఇక్కడ కొత్తవారంతా చేసే తప్పును నేనూ నెలరోజులు చేశాను. అలవాటు కొద్దీ కంటి మీద ఫోకస్ పెట్టి బటన్ నొక్కేవాణ్ని, కానీ బ్రాకెటింగ్ మనం పెట్టిన చోట మొదలై వెనక్కే పోతుంది తప్ప ముందుకు రాదు. అందువల్ల నా మొదటి స్టాకులన్నిటిలోనూ కన్ను దగ్గర నుంచి తోక దాకా అద్భుతంగా ఉండి, ముందుకు చాచిన కాళ్లు, మీసాలు మాత్రం పొగలా ఉండేవి. ఇప్పుడు మనవైపు అన్నిటికంటే దగ్గరగా ఉన్న మీసం చివర ఫోకస్ పెట్టి, అక్కడి నుంచి ఒక వెంట్రుకవాసి ఇవతలికి వచ్చాకే నొక్కుతున్నాను.

కెమెరా లోపలే 8 ఫ్రేములను కలిపి జేపెగ్ ఇచ్చే సౌకర్యం కూడా ఉంది. అంచులు కొంత కత్తిరించుకుపోతాయి, పెద్ద పురుగుకు 8 చాలవు, కూర్పులో తప్పొస్తే సరిదిద్దుకునే వీలు అందులో లేదు. అయినా విడి రా ఫైళ్లు (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫ్రేములు) కూడా కార్డులో మిగులుతాయి కాబట్టి, గాలికి స్టాకు చెడిందా లేదా అన్నది ఇంటికి రాకముందే, గట్టు మీద నిలబడే తెలుసుకోవడానికి దీన్ని వాడుకుంటున్నాను. చివరి చిత్రానికి మాత్రం దీన్ని నమ్ముకోలేదు.

నాలుగేళ్ల తర్వాత నా లెక్కలో కెమెరా కంటే, లెన్స్ కంటే పెద్ద సంగతి వేళ. డిసెంబరు సగం నుంచి సంక్రాంతి దాకా, అంటే సరిగ్గా ధనుర్మాసంలో, కాలువ గట్ల మీది గడ్డిపరకలకు సూది తూనీగలు, తూనీగలు మంచు బిందువులతో సహా అతుక్కుని ఉంటాయి. ఒళ్లు వెచ్చబడితే తప్ప అవి ఎగరలేవు కనుక, తెల్లవారాక ఎండ గడ్డికి తగిలేదాకా ఉండే అరగంటో ముప్పావు గంటో మనది. గుళ్లో మైకు మోగే వేళకు నేను గట్టు మీద ఉంటే పది స్టాకుల్లో ఆరేడు నిలుస్తాయి. టిఫిన్ చేసి బయలుదేరితే ఒక్కటి నిలవడమూ గగనమే. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలో ఉదయం ఆరు దాటకముందే పురుగు వెచ్చబడి చురుగ్గా ఉంటుంది. ఆ రెండు నెలలూ నేను స్టాకింగ్ జోలికి పోను. వర్షాకాలంలో ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్స్ మీద బయట తేమ గాలి తగలగానే ఆవిరి పట్టి పావుగంట పోతుంది. రాత్రే సంచీని వరండాలో పెట్టుకోవడం నేర్చుకున్నాను.

గాలి రెండో శత్రువు. నది పక్క పొలాల్లో గాలి పూర్తిగా ఆగడమంటూ ఉండదు, ఒక్కో అల మధ్య రెండు మూడు సెకన్ల సందు దొరుకుతుంది, ఆ సందులో 15 ఫ్రేములు పడాలి. సైకిల్ స్పోకు ఒకటి నేలలో గుచ్చి, దాని చివర బట్టలు ఆరేసే క్లిప్పు కట్టి, పురుగున్న పరకను కింది భాగంలో మెల్లగా పట్టి ఉంచడం నేను వాడిన వాటిలోకెల్లా చవకైన, ఎక్కువ ఫలితమిచ్చిన పరికరం. గాలి వచ్చే వైపు గొడుగు తెరిచి పెడితే ఇంకా మేలు. ఫ్లాష్‌తోనూ బ్రాకెటింగ్ చేయవచ్చు గానీ, ప్రతి ఫ్రేముకూ ఫ్లాష్ మళ్లీ చార్జ్ కావాలి కనుక స్టాకు సాగిపోతుంది, ఆలోపు గాలో పురుగో కదులుతుంది. అందుకే తెల్లటి పెళ్లి శుభలేఖ వెనుకవైపును నీడ పక్క పట్టుకుని, ఉన్న వెలుతురుతోనే సరిపెట్టుకుంటున్నాను.

మొదట్లో ట్రైపాడ్ మీద బిగించే ఫోకసింగ్ రైలు కూడా కొన్నాను. మర తిప్పితే కెమెరా కొద్దికొద్దిగా ముందుకు జరిగే సాధనమది. బల్ల మీద బాగానే ఉంటుంది. పొలంలో మర తిప్పిన ప్రతిసారీ వచ్చే అదురుకు ట్రైపాడ్ కుదురుకునేలోపు తూనీగ పరక అవతలి వైపుకు తిరిగిపోయేది. ఇప్పుడు ట్రైపాడ్ కూడా చాలా అరుదు. ఎడమ చేత్తో పరకను పట్టుకుని, అదే చేతి మీద లెన్స్‌ను ఆనిస్తే పురుగూ కెమెరా కలిసే ఊగుతాయి. మిగిలిన కాస్త కదలికను కెమెరాలోని స్థిరీకరణా, ఫ్రేములను ఒకదాని మీద ఒకటి సరిచేసే సాఫ్ట్‌వేరూ చూసుకుంటాయి.

స్టాకింగ్‌కు లొంగనివీ ఉన్నాయి. ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగు ఒక్క క్షణం నిలవదు. చిన్నప్పుడు మనమంతా చేసినట్టు వేలితో తాకితే కాళ్లు ముడుచుకుని కాసేపు ఆగుతుంది, అప్పుడు స్టాకు చక్కగా వస్తుంది, కానీ చిత్రంలో పురుగుకు బదులు ఎర్ర మఖమల్ గుండీ కనిపిస్తుంది. దానికి ఎఫ్ 8 పెట్టి ఒకే ఫ్రేము తీయడమే సరైనది.

అన్నిటికంటే కష్టపెట్టింది నల్ల తామర పురుగు. 2021లో గుంటూరు మిరప రైతును నిలువునా ముంచినది ఇదే. మిల్లీమీటరు పొడవుండే ఈ పురుగు పూల లోపల చేరుతుంది. 1:1లో కూడా అది ఫ్రేములో నలకలా ఉండటంతో లెన్స్ ముందు రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ అద్దం తగిలించాను. పురుగు పెద్దదైంది గానీ పదును మందం మిల్లీమీటరులో అయిదో వంతుకు పడిపోయింది. మిరప పువ్వు నేల చూస్తూ ఉంటుంది కనుక రైతు అనుమతితో పువ్వును కోసి గట్టు నీడలో పెట్టుకుని తీశాను. ఆయన చాలాసేపు చూసి, ‘ఫొటో తీస్తే చస్తాయాండీ ఇవి?’ అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు ముప్పైకి పైగా స్టాకులు తీస్తే రెండు నిలిచాయి, అవి కూడా పుప్పొడి తింటూ పురుగు ఆగిన క్షణాల్లో తీసినవే. అయితే అంచులకు ఝాలరులా సన్నని వెంట్రుకలున్న ఆ రెక్కలను కెమెరా తెర మీద చూపించాక, ఆయన తన పొలంలోని మిగతా పూలను కూడా దులిపి చూపించారు.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, హెలికాన్‌లో ఏ, బీ, సీ అని మూడు పద్ధతులున్నాయి. తూనీగ రెక్క, ఆకు వంటి నునుపైన వాటికి లోతు పటం గీసుకునే బీ పద్ధతి రంగులు చెదరకుండా ఇస్తుంది. మీసాలు, కాళ్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వచ్చే గెంతే సాలీళ్లకు పిరమిడ్ లెక్కతో పనిచేసే సీ మేలు, కాకపోతే అందులో గరుకుదనం, కాంట్రాస్టు పెరుగుతాయి. నేను రెండూ చేసి, సీ మీద బీని పెట్టి బ్రష్‌తో కలుపుకుంటాను. స్టాకు మధ్యలో పురుగు మీసం ఒక్కసారి కదిలినా చిత్రంలో రెండు మీసాలు కనిపిస్తాయి. ఒక ఫ్రేమునుంచి అసలు మీసాన్ని తెచ్చి అతికించడం సాధ్యమే గానీ, ఒక్కో చిత్రానికి గంట పడుతుంది. రా ఫైలు ఒక్కొక్కటి దాదాపు 20 ఎంబీ ఉంటుంది కాబట్టి 15 ఫ్రేముల స్టాకు 300 ఎంబీ, ఒక ఉదయానికి 40 స్టాకులు తీస్తే 12 జీబీ. అందుకే మధ్యాహ్న భోజనానికి ముందే చెడినవి తుడిచేస్తాను.

కొనాలనుకునేవారికి: లోపలే బ్రాకెటింగ్ ఉన్న పాత కెమెరా ఏదైనా, దానికి సరిపడే మాక్రో లెన్స్ ఉంటే మొదలుపెట్టడానికి చాలు. పురుగు ఒంటిని సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా పక్కనుంచి చూడటం అలవాటైతే 15 ఫ్రేముల పని ఆరేడింటితో అవుతుంది, నా దగ్గర ఇప్పటికీ బాగున్న చిత్రాల్లో సగం అలాంటివే. రైలు అట్టపెట్టెతో సహా అమ్మకానికి పెట్టి ఏడాది దాటింది. ఇంకా ఎవరూ అడగలేదు.