గోస్థని వెంట మూడు రోజులు: విశాఖ, భీమిలి, బొర్రా

బొర్రా గుహల కథ విశాఖ వైపు చాలామందికి తెలుసు. కొండ మీద మేస్తున్న ఆవు ఒకటి కన్నంలోంచి జారి లోపల పడింది. దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి గుహ, అందులో లింగంలాంటి రాయి కనిపించాయి. ఆవు క్షేమంగా దొరికింది. బ్రిటిష్ కాలంలో విలియం కింగ్ అనే దొర ఈ గుహలను గుర్తించాడని పుస్తకాల్లో ఉంటుంది గానీ, జనం నోట ముందుగా వచ్చేది కాపరి మాటే. ఆ గుహలోంచి పారే ఏరు పేరు గోస్థని, అంటే ఆవు పొదుగు. అదే ఏరు తాటిపూడి జలాశయాన్ని నింపి, విశాఖకు తాగునీరిచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ శీతాకాలం మేము ఆ ఏటిని కింది నుంచి పైకి, భీమిలి నుంచి బొర్రా దాకా చూసి వచ్చాం.

మేమంటే నేను, అక్క, బావగారు. బావగారు అటవీశాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. నేను పల్నాడులో గొర్రెల మంద ఉన్న ఇంట్లో పుట్టాను. అడవుల్లో, బంజర్లలో పశువులు మేపడం మీద మా ఇద్దరికీ ఇరవై ఏళ్ళుగా మాట కుదరదు. ఈ ప్రయాణంలో ఆ మాట ప్రతి మలుపులోనూ వచ్చింది.

విశాఖలో ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గరలో ఒక లాడ్జిలో దిగాం. గదికి పదహారు వందలు. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు మాత్రం ఏడున్నరకే ఆగిపోయాయి. అడిగితే బకెట్లో తెచ్చిచ్చారు. ఒక రాత్రికి సరిపోతుంది, అంతకు మించి ఉండాలనిపించలేదు. కింద టిఫిన్ సెంటర్‌లో పెసరట్టు ఉప్మా మాత్రం మరిచిపోలేనిది.

మర్నాడు పొద్దున్నే కంబాలకొండకు వెళ్ళాం. నగరాన్ని ఆనుకుని సుమారు 71 చదరపు కిలోమీటర్ల అడవి, 2002 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. చిరుతలు, కణుజులు, చుక్కల దుప్పులు ఉన్న చోటు. టిక్కెట్టు ధర తక్కువే, నడక దారులు బాగున్నాయి, పిల్లలున్నవాళ్ళకు పడవ షికారు ఉంది. తాగునీళ్ళు మీరే తీసుకెళ్ళండి. తొమ్మిది దాటితే జనం పెరిగి పక్షుల అరుపులు వినిపించవు.

అక్కడ బావగారు చెప్పిన సంగతి నాకు కొత్త. జాతీయ పార్కులో మేతకు చోటే లేదు. అభయారణ్యంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మేతను నియంత్రించే, అవసరమైతే ఆపే అధికారం ఇస్తుంది, తప్పనిసరిగా తీసెయ్యమనదు. అయితే టీకాలు వేయించని పశువును లోపలికి తోలకూడదు. అభయారణ్యం చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపల పశువులన్నిటికీ అంటురోగాల టీకాలు వేయించే బాధ్యత కూడా అధికారులదే. "గాలికుంటు ఒక్క ఎద్దుకు వచ్చినా చాలు, దుప్పులకు అంటుకుంటుంది. మీ కాపరులు అడవిని తినేస్తారని నేననడం లేదు. రోగం మోసుకొస్తారని నా భయం" అన్నారు. అప్పటిదాకా ఆయన వాదనంతా చెట్ల గురించే అనుకునేవాణ్ణి.

మధ్యాహ్నం బీచ్ రోడ్డు మీదుగా భీమిలి బస్సెక్కి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. ఈ యాత్రలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఈ చోటే. వేల ఏళ్ళపాటు సముద్రం ముందుకొచ్చి, వెనక్కి తగ్గి, గాలి ఇసుకను పోగుచేసి, ఇనుము తుప్పుతో ఎర్రబారిన దిబ్బలివి. ఇటువంటివి మళ్ళీ తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి. భారత భూగర్భ సర్వే సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వాన కోసిన గండ్లలో నడుస్తుంటే రెండు వైపులా నిలువెత్తు ఎర్రగోడలు. చేత్తో తాకితే రాలిపోతాయి.

గోడ పైన పొదల్లో పాతిక మేకలు కనిపించాయి. బావగారి ముఖం ముడుచుకుంది. నిజం చెప్పాలి, నాకూ కష్టంగానే అనిపించింది. ఆవు నాలుకతో గడ్డి చుట్టి లాగుతుంది, గొర్రె నేలకంటా కొరుకుతుంది, మేక లేత చిగురు వెతుక్కుని పొద మీదికి ఎక్కుతుంది. ఆ పొదల వేళ్ళే ఈ ఇసుకను పట్టుకుని ఉన్నాయి. మేక గిట్టలు అంచు మీద పడ్డప్పుడల్లా గుప్పెడు మట్టి జారి కింద పడుతూ ఉంది. అలాగని ఎర్రగోడ మీద నిలబడి పెళ్ళి ఫొటోలు తీయించుకుంటున్న జంట, వాళ్ళ వెనక ఎక్కిన ఆరుగురు మనుషులు రాల్చిన మట్టి అంతకంటే ఎక్కువ. వాళ్ళను ఆపినవాళ్ళు లేరు.

కాపరి అరవై దాటిన మనిషి. బావగారు ఆయన్ను ఎన్ని మేకలని అడిగారు. "ఇరవై ఆరు బాబూ. ఒకప్పుడు నూట పది. ఊరి వెనక బీడులో మేపేవాణ్ణి. అది లేఅవుట్ అయిపోయింది. కొండ వైపు కంచె పడింది. ఇక ఎక్కడికి తోలమంటారు?" అన్నాడు. బావగారు బదులు చెప్పలేకపోయారు. నేనూ మాట్లాడలేదు. మా ఊళ్ళోనూ మేత పోరంబోకు అలాగే పోయింది. పంచాయతీల ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011లో జగ్పాల్ సింగ్ కేసులో చెప్పింది. కానీ తొలగించే నాటికి మందలే మిగలవు. దిబ్బల మీద మేకలు ఉండకూడదన్న బావగారి మాట సరైనదే. వాటికి మరో చోటు చూపించకుండా ఆ మాట అనే హక్కు మనకు లేదన్నది నా మాట.

ఆ రాత్రి భీమిలిలో సముద్రం ఎదురుగా ఒక చిన్న బస దొరికింది. పద్దెనిమిది వందలు. దోమతెర చిరిగి ఉంది, కరెంటు రెండుసార్లు పోయింది. అయినా యజమానురాలు వండిపెట్టిన వంజరం పులుసు కోసం మళ్ళీ అక్కడే దిగుతాను. భోజనాలయ్యాక పుల్లరి మాట వచ్చింది. అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టాల్సిన పన్ను అది. కట్టబోమన్నందుకు మా పల్నాడులో కన్నెగంటి హనుమంతును 1922లో కాల్చి చంపారు. అదే ఏడాది మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరగబడ్డాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడునూ, అడవిలో తిరిగే స్వేచ్ఛనూ బిగించడం ఆ తిరుగుబాటుకు ఒక మూలం. పుల్లరి లాంటిది వేరే దేశాల్లోనూ ఉంది. అమెరికాలో 1934 నాటి చట్టం కింద ప్రభుత్వ భూముల్లో మేతకు పర్మిట్లు, రుసుములు ఉన్నాయి. ఆవూదూడకు నెలకు కనీస రుసుము 1.35 డాలర్లు. అది మరీ చవక, నేల పాడవుతోందని అక్కడి ప్రకృతి ప్రేమికుల పోరు. అది లేకపోతే మా బతుకు లేదని పశువుల పెంపకందార్ల పట్టు.

మూడో రోజు విశాఖకు తిరిగొచ్చి కిరండోల్ పాసింజరు ఎక్కాం. అద్దాల బోగీలో సీట్లు దొరకలేదు, చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. మామూలు బోగీలో వెళ్ళినందుకు నాకు విచారం లేదు. కిటికీ తెరిచి ఉంటుంది, కొండగాలి ముఖానికి తగులుతుంది, సొరంగాల చీకట్లో పిల్లల కేకలు వినవచ్చు. బొర్రా గుహలు స్టేషన్‌లో దిగి, గుహలు చూశాం. లోపల దీపాలు బాగున్నాయి, మెట్లు జారుడుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోవాలి. బయట బొంగులో చికెన్ అమ్మేవాళ్ళ దగ్గర ధర ముందే మాట్లాడుకోండి.

గుహల పైన కొండ వాలులో గిరిజనుల ఆవులు, మెడల్లో చెక్క గంటలతో. మేపుతున్న ఆవిడను బావగారు అడిగారు, ఏడాదంతా ఇక్కడే తోలుతారా అని. వానలు మొదలయ్యాక రెండు నెలలు ఈ వాలు వదిలేస్తామని, గడ్డి గింజ రాలాకే తోలుతామని చెప్పింది. ఆ కట్టు పెద్దలు పెట్టిందట. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేతను హక్కుగా రాసింది. కానీ ఆ హక్కును ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ఆపాలో ఈమె ఊరికి అంతకు ముందే తెలుసు.

బావగారు అక్కడే రాతి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత భరత్‌పూర్ పేరెత్తారు. రాజస్థాన్‌లోని ఆ పక్షుల పార్కులో 1982లో గేదెల మేత నిషేధించారు. గొడవలు, కాల్పులు, ప్రాణనష్టం జరిగాయి. గేదెలు పోయాక నీటిగడ్డి పెరిగి చెరువులను కమ్మేసింది. ఆ తర్వాత గడ్డి కోసుకోమని ఊళ్ళవాళ్ళనే పిలవాల్సి వచ్చింది. "మా శిక్షణలో ఈ పాఠం చెప్పారు. నేనే ఎప్పుడూ బయటికి చెప్పలేదు" అన్నారు.

సాయంత్రం తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. బావగారు తన డైరీ తీసి ఆవిడ చెప్పిన రెండు నెలలు రాసుకున్నారు. భీమిలి కాపరి పేరు అడగలేదే అని ఎస్.కోట దాకా బాధపడ్డారు.