నర్సులకు ఐదు స్టార్లు, క్యాంటీన్‌కు ఒకటి: బరంపురం ఆస్పత్రిలో అమ్మ తొమ్మిది రోజులు

మాది పర్లాకిమిడి. మొన్న కార్తీకంలో అమ్మ తెల్లవారుజామున తలకు పోసుకుని వస్తూ నూతి దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మాకు శ్రీకాకుళమే దగ్గర. కానీ మేనకోడలు బరంపురంలో నర్సింగ్ చదువుతోంది, రాత్రిళ్లు తోడుంటుందని అక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. పేరు రాయట్లేదు. ఇందులో పొగడ్తా ఉంది, ఫిర్యాదూ ఉంది. ఎవరి ఉద్యోగానికీ ఎసరు పెట్టాలని లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజున వాకర్ పట్టించి నిలబెట్టారు. లిఫ్ట్ రోజుకోసారి ఆగుతుంది, పార్కింగ్ లేదు. అవన్నీ ఎవరైనా రాస్తారు.

చేర్చుకునేటప్పుడు కౌంటర్లో అబ్బాయి ఫారం తనే నింపేశాడు. మతం హిందూ, భాష ఒడియా. మేం ఒడిశావాళ్లమే కదా, తప్పనలేం. కానీ అమ్మ ఒడియా వంకాయలు బేరమాడడానికి సరిపోతుంది, నొప్పి చెప్పుకోవడానికి కాదు. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, గుంజుడు వేరు. రాత్రి డ్యూటీవాళ్లు అన్నిటికీ ‘పెయిన్’ అని ఒకటే రాసుకునేవారు. ఒక రాత్రి అమ్మ ‘మంటమ్మా, మంట’ అంటుంటే నొప్పి మాత్ర ఇచ్చి వెళ్లారు. మేనకోడలు లేచి చూస్తే ప్లాస్టర్ కింద చర్మం ఒరుసుకుపోయి ఉంది.

పగటి డ్యూటీ సిస్టర్ మాత్రం వేరే రకం. ఒడియా అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో. బరంపురం తెలుగు వచ్చు. ఫారం పక్కన పెట్టి మంచం దగ్గర కూర్చుని, “మౌసీ, తినకూడనివి ఏమైనా ఉన్నాయా? ఉపవాసాలున్నాయా? ఒంటి మీద తియ్యకూడనివి ఉన్నాయా?” అని అడిగింది. మౌసీ అంటే ఒడియాలో పిన్ని, మౌసా అంటే బాబాయి. ఆ మూడో ప్రశ్నకే అమ్మ పుస్తెలతాడు గట్టిగా పట్టుకుంది.

ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం వాడతారు. ఒంటి మీద లోహముంటే అక్కడ చర్మం కాలే ప్రమాదముంది. గాజులు, మట్టెలు, పుస్తెలు అన్నీ తియ్యాలి. నాన్న ఎదురుగా కూర్చుని ఉండగా పుస్తెలు తియ్యడమా? ఇంకో చోటైతే ‘రూల్ అంతే’ అనేవాళ్లు. ఈ అమ్మాయి, “మీవాళ్లు తాడు పెరిగితే పసుపు కొమ్ము కట్టుకుంటారు కదా మౌసీ, అలా కట్టుకోండి. దారం, కొమ్ము, లోహం లేదు” అంది. అమ్మ మొహం చూడాలి! అదీ ముందురోజు సాయంత్రమే చెప్పింది కాబట్టి నాన్న పెద్ద బజారుకెళ్లి పసుపు కొమ్ము, దారం తెచ్చారు. పొద్దున ఎనిమిదికి థియేటర్ తలుపు దగ్గర ఆయన చేత్తోనే కట్టారు. పుస్తెలు, మట్టెలు లెక్కపెట్టి కవర్లో వేసి, ఆయనతో సంతకం పెట్టించుకుని ఇచ్చారు.

ఆ రోజు కార్తీక సోమవారం. మత్తు కోసం ఎలాగూ అర్ధరాత్రి నుంచి ఏమీ తినకూడదు, అందుకని అమ్మకు సంతోషం, ఉపవాసం తప్పలేదని. చిక్కు సాయంత్రం వచ్చింది. మంచినీళ్లు తాగొచ్చని డాక్టర్ అంటే, నక్షత్రం చూడనిదే తాగనంది. అమ్మకు షుగర్ కూడా ఉంది. సిస్టర్ వాదించలేదు. గంటకోసారి షుగర్ చూసింది, సెలైన్ మాత్రం ఆపనంది. దానికి అమ్మ, “నోట్లో పడట్లేదుగా, పోనీ” అంది. మంచం కిటికీ వైపు తిరగదు. మేనకోడలు మేడెక్కి ఫోన్లో చుక్క ఫోటో తీసుకొస్తే అమ్మ ఒప్పుకోలేదు, ఫోన్లో చుక్క చుక్క కాదట. చివరికి సిస్టరే, “మౌసా చూసొచ్చి చెప్తే చాలదా?” అని అడిగింది. నాన్న మేడెక్కి చూసొచ్చారు. ఆయన చూస్తే తను చూసినట్టేనని అమ్మ అప్పుడు నీళ్లు తాగింది.

మేనకోడలు దీనికి పుస్తకం పాఠం చెప్పింది. “మావయ్యా, ఇది మాకు సిలబస్‌లో ఉంది” అంటూ. మెడలీన్ లైనింజర్ అని అమెరికా నర్సు, 1960ల మొదట్లో న్యూగినియాలో గాడ్సప్ అనే జనం మధ్య ఉండి, ఎవరి సంస్కృతిని బట్టి వాళ్లకు సేవ ఎలా ఉండాలో సిద్ధాంతం చేసిందట. మంచి అలవాటైతే అలాగే ఉంచు, చిక్కొస్తే సర్దుబాటు చెయ్యి, ప్రమాదమైతే రోగితో మాట్లాడి కలిసి మార్చుకో. పసుపు కొమ్ము సర్దుబాటు కిందికి వస్తుందట. నేను బట్టల కొట్టువాణ్ణి, సిద్ధాంతాలు నాకెందుకు గానీ, ఆ మూడు మాటలు కొట్లో కూడా పనికొస్తాయి.

ఇక ఫిర్యాదు. బుధవారం పున్నమి వెళ్లింది. గురువారం పొద్దున ట్రేలో రెండు ఉడకబెట్టిన గుడ్లు, మధ్యాహ్నం చేపల కూర! ఒడియావాళ్ల కార్తీకం ఆశ్వయుజ పున్నమి మర్నాడు మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. హబిషాలని కార్తీక వ్రతం పట్టినవాళ్లు కూడా మర్నాడు ఛాడఖాయి అని చేపా మాంసం తెచ్చుకుంటారు, ఆ రోజు బజారు చూడాలి. మన కార్తీకం దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా. అంటే వాళ్లకు అయిపోయిన మాసం అమ్మకు ఇంకా సగం ఉంది. ఫారంలో ఇద్దరూ ‘హిందూ’యే.

నవ్వుకుని వదిలేసే విషయం కాదు. ఎముక అతకడానికి ప్రొటీన్ కావాలని గుడ్లు రాశారు, ట్రే రాకముందే ఇన్సులిన్ ఇచ్చేశారు. అమ్మ ట్రే తోసేసి గోడవైపు మొహం తిప్పుకుంది. పదిన్నరకు చెమటలు, వణుకు. షుగర్ 61. గ్లూకోజ్ ఎక్కించి తేర్చారు. ఆ పగటి సిస్టర్‌కు ఆ రోజు సెలవు. ఆమె అడిగిందంతా ఆమె తలలోనే ఉంది, డ్యూటీ మారేటప్పుడు చెప్పే కాగితంలో లేదు. నా అసలు ఫిర్యాదు ఇదే. మర్నాడు ఆమె వచ్చి ఫైల్ అట్ట మీద ఎర్ర సిరాతో పెద్దగా రాసింది: గుడ్డు చేప వద్దు, అమావాస్య దాకా. ప్రొటీన్‌కు పెసరట్టు, పెరుగు, పనీర్ అని డైటీషియన్‌తో తనే మాట్లాడింది.

పక్క మంచం సవర తెగ ముసలావిడ, ఆర్. ఉదయగిరి దాటి కొండమీద ఊరు. కొడుకు క్రైస్తవుడు, పాస్టర్ వచ్చి ప్రార్థన చేసేవారు. ముసలావిడకేమో కురన్ కావాలి, అంటే చనిపోయినవాళ్లతో మాట్లాడే సవర పూజారి, మా వైపు ఎజ్జోడంటారు. చచ్చిపోయిన పెద్దలెవరో ఏదో అడుగుతున్నారని ఆమె బెంగ. ఒకటి నుంచి పది దాకా నొప్పి ఎంత అంటే బిత్తరచూపులు. మొహాల బొమ్మలు చూపిస్తే నవ్వే మొహం మీద వేలు పెట్టేది, రాత్రంతా మూలిగేది. నేల తుడిచే ఆయాకు సవర వచ్చని మూడో రోజుకు గానీ ఎవరికీ తోచలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలో ఉండి ఆ భాష నేర్చుకుని రాసిన వ్యాకరణం 1931లోనే అచ్చయింది. ఇక్కడ మాత్రం ఆ భాష చీపురు పట్టుకున్న మనిషి దగ్గరే ఉంది, దానికి జీతంలో పైసా కలపరు. ఆయా మాట్లాడాక, ఆక్సిజన్ ఉంది కాబట్టి ఆ పెద్దలకు దీపం వద్దన్నారు, ఆకులో గుప్పెడు బియ్యం మంచం కింద పెట్టుకోనిచ్చారు. పాస్టర్ గారూ ఏమీ అనలేదు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయింది.

ఇంటికి పంపేరోజు అమ్మ పుస్తెలు మెడలో వేసుకుని, పసుపు కొమ్ము తులసి కోటలో పెట్టాలని నాన్న జేబులో వేసింది. బిల్లులో తొమ్మిది రోజుల భోజనం ఉంది, అమ్మ ముట్టని గుడ్లతో సహా. అడిగితే ప్యాకేజీ అన్నారు. మొత్తానికి మూడున్నర స్టార్లు. ఆ అమ్మాయి డ్యూటీ చార్ట్ చూసుకుని వెళ్లండి.