డాబా మీద ఫోమ్ గ్లాస్ పలకలు: వాడి చూసినవాడి మాట

పైకప్పు వేడి ఇంట్లోకి దిగకుండా ఈసారి థర్మోకోల్ మాని, ఫోమ్ గ్లాస్ పలకలు పరిపించాను. పాత సీసాలు, పగిలిన కిటికీ అద్దాలు, కర్మాగారాల్లో మిగిలే గాజు తుక్కుతో చేసిన సరుకు ఇది. గాజు అనగానే కాలు పెట్టడానికి భయపడేవాళ్లకు ముందే చెబుతున్నాను: కింది స్లాబు మోయగలిగితే దీని మీద కాంక్రీటు పోసి నీళ్ల ట్యాంకు కూడా నిలబెట్టుకోవచ్చు. థర్మోకోల్‌తో అంత ధైర్యం నేను చేయను.

గాజును మెత్తగా నూరి, కొద్దిపాటి కార్బన్ పొడి కలిపి, 800 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా కాలుస్తారు. గాజు మెత్తబడే వేళకే లోపల వాయువు పుడుతుంది. బయటపడే దారి లేక బుడగలై అక్కడే చిక్కుకుంటుంది. ఆ తర్వాత నిదానంగా చల్లార్చాలి, తొందరపడితే పగుళ్లే. బుడగలు దేనికది మూసుకుపోయి ఉంటాయి కాబట్టి నీరూ ఆవిరీ లోపలికి చొరబడవు. నేను దీన్ని ఎంచుకున్నది అందుకే. మామూలు గాజు ఘనపు మీటరుకు 2,500 కిలోలు తూగితే ఈ పలకలు 100 నుంచి 165 కిలోలే. నిప్పు అంటుకోదు, చెదలు పట్టవు, ఎలుకలు కొరకవు.

వేడిని ఆపడంలో మాత్రం, అదే మందానికి లెక్క వేస్తే, మంచి థర్మోకోలే కాస్త మెరుగు. అమ్మేవాళ్లు ఈ సంగతి తమంతట తాము చెప్పరు. మందం కొంచెం పెంచుకోక తప్పదు.

పని చేయించేటప్పుడు ఓపిక కావాలి. చేతి రంపంతో ఇట్టే తెగుతుంది కానీ, తెగినప్పుడల్లా కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంటుంది. బుడగల్లో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ మహిమ అది. మేస్త్రి ముక్కు మూసుకుని నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది! గాజు పొడి గరుకుగా ఉంటుంది, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. పలకలు పెళుసు. నాకు వచ్చిన పెట్టెల్లో కొన్నింటి మూలలు విరిగే వచ్చాయి, సరఫరాదారు మార్చి ఇవ్వలేదు. కింద చిన్న రాయి ఉన్నా పలక అక్కడే చితుకుతుంది. అందుకే నేలను చదును చేసి, వేడి తారులో పరిపించాను. కోసిన అంచుల్లో తెరుచుకున్న బుడగలను కూడా ఆ తారే మూసేస్తుంది. మంచు గడ్డకట్టే చోట ఇది మరీ ముఖ్యం, తెరిచిన గుంటల్లో నీరు గడ్డకడితే అంచు పొడిపొడిగా రాలిపోతుంది.

డాబాకు, నేల కింద, చెమ్మ తగిలే పునాది పక్కన కళ్లు మూసుకుని వాడతాను. బరువు పడని లోపలి గోడలకు ఇంత ఖర్చు దండగ.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో 'రీసైకిల్ గాజు' అని ఉంది. అందులో వ్యర్థం ఎంత శాతమో, ఏ గాజో ఎక్కడా లేదు. పాత టీవీ గొట్టాల వెనుక భాగపు గాజులో సీసం ఉంటుంది. అది కలిసిందో లేదో కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. నేను అడిగాను, జవాబు కోసం ఇంకా చూస్తున్నాను.