ఒకే కథ, ఒకే రచయిత్రి, రెండు నవలలు: ఏది మేలు?

మృగం చివరికి రాజకుమారుడుగా మారాలా, మృగంగానే ఉండిపోవాలా? ఈ ఒక్క ప్రశ్న మీద మా అక్క కూతురికీ నాకూ ఏడాదిగా తెగని పంచాయతీ. తనకు ‘బ్యూటీ’ ప్రాణం. నేను ‘రోజ్ డాటర్’ పక్షం. విచిత్రమేమిటంటే రెండూ రాసింది ఒక్కరే. అమెరికన్ రచయిత్రి రాబిన్ మెకిన్లీ మొదటి నవల ‘బ్యూటీ’ 1978లో వచ్చింది. సరిగ్గా 19 ఏళ్ల తరువాత, 1997లో, ఆమె మళ్లీ అదే ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ కథను ఎత్తుకుని ‘రోజ్ డాటర్’ రాశారు. శాపం తగిలి మృగమైన రాజకుమారుడి కోటలో నాన్న ఒక గులాబీ కోస్తే, దానికి బదులుగా కూతురు అక్కడికి వెళ్లి ఆ మృగాన్నే ప్రేమించే పాత కథ అది. ఇది మొదటి నవలకు కొనసాగింపు కాదు. ఊరు, మనుషులు, కోట, ముగింపు అన్నీ వేరు.

రాసిన కథే మళ్లీ రాయడం ఎందుకని విసుక్కునేవాళ్లున్నారు. మరల ఇదేల రామాయణం అంటే, లోకం రోజూ తినే అన్నమే తింటోంది కదా అన్న విశ్వనాథవారి జవాబు మనకు ఉండనే ఉంది. పైగా ఈ కథను తిరగరాయడం మెకిన్లీతో మొదలైంది కాదు. ఫ్రాన్సులో 1740లో మదామ్ ద విల్నవ్ చాంతాడంత పొడవు రాస్తే, 1756లో మదామ్ ద బోమొం దాన్ని ఆడపిల్లల చదువు కోసం కుదించారు. మనం చిన్నప్పుడు బొమ్మల పుస్తకాల్లో చదివినది చాలావరకు బోమొం కథే. అందులో అక్కలిద్దరూ కళ్లకు ఉల్లిపాయ రుద్దుకుని దొంగ ఏడుపు ఏడుస్తారు, చివరికి రాతి విగ్రహాలైపోతారు. మెకిన్లీ రెండు నవలల్లోనూ ఆ గయ్యాళి అక్కలను తీసేసి, మంచివాళ్లను పెట్టారు. రెండు పుస్తకాల పాఠకులూ గొడవ పడకుండా ఒప్పుకునేది ఈ ఒక్క విషయమే.

‘బ్యూటీ’లో కథ చెప్పేది ఆ అమ్మాయే. అసలు పేరు ఆనర్, అంటే గౌరవం. చిన్నప్పుడు నాన్న ఆ పేరుకు అర్థం చెబితే, నచ్చక, దానికన్నా బ్యూటీ అని పిలిపించుకోవడమే నయమంటుంది. ఆ పేరే స్థిరపడిపోతుంది. తీరా పెద్దయ్యాక చూస్తే ముఖం నిండా మొటిమలు, పొడుగాటి కాళ్లూ చేతులూ. పేరు పెద్ద, ఊరు దిబ్బ. ఆ ఇబ్బందిని ఆమె తన మీద తనే హాస్యమాడుకుంటూ చెప్పుకుపోతుంది. ఓడలు మునిగి నాన్న వ్యాపారం దెబ్బతినడం, అక్కను చేసుకోబోయే కమ్మరి వెంట ఇంటిల్లిపాదీ ఉత్తరాన ఒక పల్లెకు చేరడం, అక్కడ కట్టెలు కొట్టుకుని బతకడం, ఇదంతా కోట తలుపు తెరుచుకోకముందే చాలా పేజీలు నడుస్తుంది. కథ ఎప్పుడు మొదలవుతుందా అని కొందరు ఇక్కడే పుస్తకం మూసేస్తారు. నాకు మాత్రం నవలలో బాగా నచ్చిన భాగం ఇదే. నాన్న పట్నానికి వెళుతూ ఏం కావాలని అడిగితే ఈ పిల్ల గులాబీ పువ్వు అడగదు, గులాబీ విత్తనాలు అడుగుతుంది. పల్లెలో మొక్క దొరకదు, నాటుకుందామని.

కోటలోకి వెళ్లాక పుస్తకం మరింత ముద్దొస్తుంది. కనబడని పనివాళ్లు ఇద్దరు గాలిలా తిరుగుతూ, పట్టుబట్టలు కట్టుకోమని సణుగుతుంటారు. గ్రంథాలయంలో ఇంకా పుట్టని రచయితల పుస్తకాలు కూడా ఉంటాయి. ఆ కాలానికి లేని రాబర్ట్ బ్రౌనింగ్ కవిత్వం ఆమె చేతికి వస్తుంది. అన్నిటికన్నా గుర్రం సంగతి గొప్పగా ఉంటుంది. గ్రేట్‌హార్ట్ అనే ఆ ఏనుగంత గుర్రాన్ని ఆమె పిల్లప్పటి నుంచి తన చేతులతో పెంచింది. మృగం వాసన తగిలితే చాలు, అది బెదిరిపోతుంది. దాన్ని బుజ్జగించి, మెడ నిమిరి, కళ్లెం పట్టుకుని మృగం ఎదుట నిలబెట్టే ఘట్టం చదివితే, ఆమెలోని భయం ఎలా కరుగుతోందో వేరే చెప్పాల్సిన పని లేదు. ప్రేమ గురించి ఒక్క మాటా లేకుండానే ప్రేమకథ ముందుకు జరిగిపోతుంది.

చివర్లో మాత్రం చిక్కు ఉంది. మృగం అందమైన మనిషిగా మారగానే, నీకు నేను తగనని ఆమె వెనక్కి తగ్గుతుంది. అప్పుడు అతను అద్దం చూపిస్తాడు. అద్దంలో ఆమె నిజంగానే అందగత్తె. అందం ముఖ్యం కాదని పుస్తకమంతా చెప్పి, ఆఖరి పేజీల్లో అందం చేతిలో పెట్టడం ఏమిటని చాలామంది పాఠకులకు కోపం. మా అమ్మాయి దీనికి ఒప్పుకోదు. ‘ఆమె మొదటి నుంచీ బాగానే ఉంది పిన్నీ. అద్దంలోకి చూడడమే మానేసింది, అంతే’ అంటుంది. కోటకు వెళ్లాక ఆమె ఎత్తు పెరిగిన మాట పుస్తకంలో ఉంది కాబట్టి, ఈ వాదనలో కొంత బలం ఉందని ఒప్పుకోక తప్పదు. అయినా ఆ అద్దం లేకపోతే నవలకు పోయేదేమీ లేదని నా అభిప్రాయం.

‘రోజ్ డాటర్’ దగ్గరకు వచ్చేసరికి ఆ హాస్యం మాయమవుతుంది. కథ చెప్పేది ఆ అమ్మాయి కాదు, బయటి గొంతు. ఆమెకు చిన్నప్పటి నుంచి ఒకే పీడకల: పొడవైన చీకటి నడవ, దాని చివర ఏదో ఎదురుచూస్తోంది. ఈ లోకంలో గులాబీ అపురూపం. గాఢమైన ప్రేమో, మంత్రవిద్యో ఉంటే తప్ప పూయదు. వ్యాపారం పోయి, రోజ్ కాటేజ్ అనే మారుమూల ఇంటికి చేరాక అక్కల్లో ఒకామె మగవేషం వేసుకుని గుర్రపుశాలలో పనికి కుదురుతుంది, ఇంకొకామె బట్టలు కుడుతుంది. మన అమ్మాయి తోట పని చేస్తుంది. కోటకు వెళ్లాక కూడా అదే పని. అక్కడ అద్దాల ఇంట్లో మృగం పెంచే గులాబీలు ఎండిపోతున్నాయి. ఆమె వెళ్లింది అతిథిగానే, కానీ చేసేది తోటమాలి పని.

నన్ను కట్టిపడేసింది ఇదే. మా మిద్దె మీద కడియం నుంచి తెచ్చిన గులాబీ కుండీలు పన్నెండు ఉన్నాయి. వానలు వెనక్కి తగ్గాక కొమ్మలు కత్తిరిస్తే వారం రోజుల పాటు ముంజేతుల మీద గీతలు పోవు. ఎండిన కొమ్మ ఏదో, ప్రాణం ఉన్న కొమ్మ ఏదో గోటితో గీరి చూసుకునే మనిషికి ఈ నవలలో తోట పేజీలు పరాయిగా ఉండవు. మెకిన్లీ 1992లో ఆంగ్ల రచయిత పీటర్ డికిన్సన్‌ను పెళ్లాడి ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో స్థిరపడ్డారు. గులాబీల పిచ్చి పట్టుకున్నది అక్కడే. మొదటి నవలలో గులాబీ కథ నడవడానికి ఒక సాకు. రెండోదాంట్లో గులాబీయే కథ.

అయితే ఈ పుస్తకం మీద ఉన్న ఫిర్యాదులు కూడా నిజమే. కోట లోపలి దారులు రోజుకో తీరుగా మారుతుంటాయి. కోటలో ఏడు రోజులు గడిస్తే ఇంటి దగ్గర ఏడు నెలలు గడుస్తాయి. పాత శాపం గురించి ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. మంత్రవేత్తల గొడవ చివరికి ఎంత చిక్కుపడుతుందంటే, నేను రెండోసారి చదివినప్పుడు కాగితం మీద పేర్లు రాసుకోవలసి వచ్చింది. సగంలో వదిలేశామని చెప్పేవాళ్లను తప్పు పట్టలేను.

ఇక ముగింపు. ఆమె ముందు రెండు దారులుంటాయి. అతనికి పాత రూపంతో పాటు ధనం, అధికారం, పేరు తిరిగి రావాలా? లేక ఇలాగే ఉండి, ఇద్దరూ పల్లెలో మామూలుగా బతకాలా? ఆమె రెండోదే ఎంచుకుంటుంది. అతను మృగంగానే ఉండిపోతాడు.

‘అతను మారనే లేదు కదా, మరి ఆమె ఎవరి కోసం అంత కష్టపడినట్టు?’ అని మా అమ్మాయి నిలదీసింది.

‘గులాబీల కోసమేనమ్మా.’

ఆ జవాబు తనకు నచ్చలేదు. నాకు మాత్రం అదే సరైనదనిపిస్తుంది. ‘బ్యూటీ’ నాయిక తన రూపం గురించి పడిన బాధ తీరాలి కాబట్టి అక్కడ ఇద్దరూ అందంగా మారడానికి ఏదో ఒక న్యాయం ఉంది. ‘రోజ్ డాటర్’ అమ్మాయికి ఆ బాధ లేదు. చేతిలో పని ఉంది, పక్కన అలవాటైన మనిషి ఉన్నాడు. ఆ ముఖాన్ని ఉన్నట్టుండి మార్చేస్తే ఆమె దగ్గరి నుంచి ఏదో లాక్కున్నట్టే.

కాబట్టి ఒక్కటే చదువుతానంటే ‘బ్యూటీ’ ఇస్తాను, అందులో సందేహం లేదు. హాయిగా సాగుతుంది, పదో తరగతి పిల్లలకైనా సులువుగా అందుతుంది, నవ్విస్తుంది. నవలగా కట్టుదిట్టంగా ఉన్నదీ అదే. కానీ ముగింపు వరకే అడిగితే నా ఓటు ‘రోజ్ డాటర్’కే. రెండూ చదివే ఓపిక ఉంటే రాసిన వరుసలోనే చదవాలి. ముందు రెండోది చదివి మొదటిదానికి వచ్చినవాళ్లకు ఆ అద్దం మరీ చేదుగా తగులుతుంది.

మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి నాతో పాటు మిద్దె మీద కూర్చుని కొమ్మలు కత్తిరించింది. అరచేయి అడ్డంగా గీసుకుంది. వేపాకు ముద్ద రాస్తుంటే అడిగింది: ‘ఆ రెండో పుస్తకం ఇంకోసారి ఇవ్వు పిన్నీ. తోట భాగాలు మాత్రమే చదువుతాను. ముగింపు చదవను.’